మంగతాయారు మార్కు వెనిల్లా

ఆ రోజు బురద కాళ్ళతో వంటింట్లోకి వెళ్ళాను. మంగతాయారు ఏమీ అనలేదు.

పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూసింది. నా కాళ్ళు చూసింది. గుమ్మం నుంచి పొయ్యి దాకా పడిన అడుగులు చూసింది.

"వొచ్చారా? కూకోండి, టీ పెడతాను," అంది.

నేను కూర్చోలేదు. పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని మళ్ళీ వచ్చాను. పెళ్ళైన దగ్గర్నుంచి చెప్పించుకోకుండా కాళ్ళు కడుక్కోవడం అదే మొదలు. టీ బాగానే ఉంది. సగం గ్లాసు వదిలేశాను.

మాది గోదావరి లంకల్లో కొబ్బరితోట. చెట్ల మధ్య గిరిపుష్పం మొక్కలు పెట్టి, వాటి మీదికి వెనిల్లా తీగ పాకించాను. వెనిల్లా అంటే ఐస్‌క్రీములో వేసే వాసనని అందరికీ తెలుసు. అది తీగకి కాస్తుందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పక్కింటి అబ్బులు "చిక్కుడేనా బావా?" అని ఒక కాయ కొరికి, ఉమ్మేసి, ఉమ్మేసినందుకు ఏమనుకోవద్దని బతిమాలాడు. అబ్బులు మంగతాయారుకి వరసకి తమ్ముడు. నోట్లో నాలుక లేని మనిషి. అతని గేదెని అతనే "మీరు" అంటాడని ఊళ్ళో హాస్యం.

పచ్చికాయకి వాసన ఉండదు. రప్పించాలి. అసలు కాయే అంత తేలిగ్గా కాయదు. పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. మన తేనెటీగకి ఆ పువ్వు తలుపు తియ్యడం చేతకాదు. మనిషే పుల్ల పట్టుకుని ఒక్కో పువ్వుకీ పుప్పొడి అంటించాలి. ఆ పని మంగతాయారుది. తిడుతూ చేసేది.

"తలెత్తవే. ఎత్తమంటే వంచుతావేటి? మీ అక్కని చూడు, ఎంత బుద్ధిగా ఉందో. అన్నీ నేనే చెప్పాలి."

ఆ ఆఖరి మాట ఆవిడ ఊతపదం. పువ్వుకైనా, నాకైనా, కొబ్బరికాయలు దింపేవాళ్ళకైనా దాంతోనే ముగింపు.

కాయ ముదిరాక వేడినీళ్ళలో ముంచి, గొంగళిలో చుట్టి చెమట పట్టించాలి. ఎండలో పెట్టాలి, మళ్ళీ చుట్టాలి. నెలల తరబడి ఇదే పని. అప్పటికి కాయ నల్లబడి, నూనె తేలి, వాసనకొస్తుంది. దాన్ని కోసి స్పిరిటులో నానబెడితే ఎసెన్సు. మా లంకల్లో గాలి చెమ్మ. సగం కాయ మూటలోనే బూజు పట్టేది. తీగలు పీకేసి తమలపాకు వేద్దామనుకుంటున్న రోజుల్లో డాక్టరమ్మ వచ్చింది.

డాక్టర్ సుహాసినిది విశాఖపట్నం. కాలవగట్టు మీద మూతబడిన రైసుమిల్లులో ల్యాబు పెట్టింది. ఆమె మందులిచ్చే డాక్టరు కాదని ఎంత చెప్పినా ఊరు వినలేదు. ముసలాళ్ళు మోకాళ్ళు చూపించేవాళ్ళు. అబ్బులు నాలుక చాపాడు. చూసి, "బాగానే ఉందండీ, వాడుకోవచ్చు," అంది. ఆమె మంచి పిల్ల అని అప్పుడే అనుకున్నాను.

ఆమె కనిపెట్టింది ఒక సూక్ష్మజీవిని. గాజుగొట్టంలో విరిగిన పాల తేటలా ఉండేది. "ఇది కాయల మీద చల్లి మూట కట్టండి బాబాయిగారూ. నెలల పని రోజుల్లో చేస్తుంది," అంది. చల్లాను. కట్టాను. మూట విప్పిన పొద్దున అబ్బులు గోడ అవతల్నుంచి "ఎవరింట్లో పెళ్ళక్కా?" అని అడిగాడు. అంత వాసన.

డాక్టరమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "మూట విప్పాక అడుగున మిగిలిన నీళ్ళలో మరుగునీళ్ళు పోసి చంపెయ్యాలి పిన్నిగారూ. ప్రతిసారీ కొత్త గొట్టం నేనే ఇస్తాను. పాతది దాచకూడదు."

"అలాగేనమ్మా," అంది మంగతాయారు.

డాక్టరమ్మ స్కూటీ మలుపు తిరిగిందో లేదో, మంగతాయారు నా వైపు తిరిగింది. "చదువుకున్న పిల్ల, పాపం పెరుగు తోడెట్టడం ఎరగదు. తోడు పారబోసుకుంటారేటండీ ఎవరైనా?" అని రెండు గరిటెలు ఊరగాయ జాడీలోకి తీసి, పొయ్యి పక్క అలమారులో పెట్టింది.

ఆవిడ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. మా ఇంట్లో పెరుగు తోడు మా అమ్మ నాటిది. ఒక్క రోజు తెగలేదు. గోదావరి లంకల మీదికొచ్చిన ఏడు ఊరంతా కప్పుల మీదికెక్కితే, తలా ఒకటి పట్టుకుని ఎక్కారు. పట్టాలు, బంగారం, కోళ్ళు. మంగతాయారు చెంబుడు పెరుగు పట్టుకుని ఎక్కింది. పడవ వచ్చాక మొదట చెంబు అందించి తర్వాత నన్ను ఎక్కమంది. దీపాలు పెట్టాక ఎవరికీ తోడు వెయ్యదు. పొద్దున అడిగితే ఎవరికీ లేదనదు.

అలా వెనిల్లా తోడు కూడా మా ఇంట్లో మనిషైంది. మూట విప్పినప్పుడల్లా అడుగుది జాడీలోకి, జాడీలోది కొత్త కాయల మీదికి. వారానికోసారి బెల్లంనీళ్ళు. డాక్టరమ్మ ఇచ్చిన గొట్టాలు ఫ్రిజ్జులో అలాగే ఉండిపోయాయి. మంగతాయారు పొద్దస్తమానం ఆ పొయ్యి దగ్గరే. నన్ను తిట్టేది, పిల్లిని తిట్టేది, అబ్బుల్ని అతని మెతకతనానికి తిట్టేది. తిట్టడానికి ఎవరూ లేకపోతే జాడీ మూత తీసి దాన్ని తిట్టేది. "ఏటే, నిన్న పొంగావు, ఇయాల పడుకున్నావు? బెల్లం చాల్లేదా? నోరు తెరిచి అడగొచ్చుగా?"

జాడీ బుడబుడమనేది.

డాక్టరమ్మ ఆ కాయల్ని స్పిరిటులో నానబెట్టి, చిన్న సీసాలకెత్తి, రాజమండ్రిలో బేకరీ మస్తాన్‌కి ఇచ్చింది. కొన్నాళ్ళకి అతని దగ్గర్నుంచి ఫోను. నేను ల్యాబులోనే ఉన్నాను. ఫోను బల్ల మీద పెట్టినా వినపడేంత గట్టిగా మాట్లాడాడు.

"డాక్టరుగారూ, ఈ ఎసెన్సులో ఏం కలిపారండీ? నా కొట్లో కేకు తిన్నోళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. కొట్టుకుంటే పోలీసుల్ని పిలుద్దునండి. కొట్టుకోట్లేదు. అదే నా బాధ."

వెంటనే బయల్దేరాం. వెళ్ళేసరికి బేకరీ నిండా జనం. ఒక కాలేజీ కుర్రాడు కేకు ముక్క చేత్తో పట్టుకుని పక్కవాణ్ణి నిలదీస్తున్నాడు.

"ఆ మొహం అలా పీక్కుపోయిందేటి? హాస్టల్లో తిండెట్టట్లేదా? పెట్టినా తినవు. తిన్నా ఆ ఫోను చూస్తా తింటావు. అది ఎవరి ఒంటికి పడద్ది, ఫోను ఒంటికా?"

పక్కవాడు కళ్ళు తుడుచుకుని, "తింటాన్రా," అన్నాడు.

గుమ్మంలో ఒక కానిస్టేబులు క్రీము బన్ను తింటూ మోటారుసైకిలువాణ్ణి ఆపాడు. "హెల్మెట్టు హ్యాండిలుకి తగిలిస్తావా? బండికేమైనా మెదడుందా? నీకు లేదనుకో. మీ ఆవిడ ఇంటి దగ్గర వీధిలోకి చూస్తా కూకుంటుందని తెలీదా? అన్నీ నేనే చెప్పాలి."

ఖాకీ బట్టల్లో, మీసాల కింద నుంచి, మంగతాయారు మాట్లాడుతోంది.

"డాక్టరమ్మా," అన్నాను, "మా ఆవిడ."

డాక్టరమ్మ చుట్టూ చూసింది. "ఎక్కడ?"

"అందరూ."

తిరిగి వస్తూ జాడీ సంగతి చెప్పాను. ఆమె బండి ఆపి కాసేపు తలపట్టుకు కూర్చుంది. ఇంటికొచ్చి జాడీ మూత తీసి వాసన చూసింది. తన గొట్టాల్లో ఉన్నది ఉత్త సువాసనే ఇస్తుందట. ఈ జాడీలోది తరం మీద తరం ఆవిడ ఊపిరి వేడికి పెరిగి, ఆవిడ గుణం పట్టుకుందట.

"చంపెయ్యమన్నాను కదా పిన్నిగారూ?"

"చంపడానికి అది నాకేం చేసిందమ్మా?" అంది మంగతాయారు. "అయినా ఇంత ఎండలో ఆ జుట్టేటి, నూనె లేకుండా పీచులాగ? కూకో. అన్నం తిను. అన్నీ నేనే చెప్పాలి."

డాక్టరమ్మ కూర్చుంది. తింది. నూనె కూడా రాయించుకుంది.

నిజానికి ఆ జాడీ అప్పుడే పోవాల్సింది. కానీ మర్నాడు మస్తాన్ తనే బండేసుకుని వచ్చాడు. ఇంకో పెట్టె సీసాలు కావాలన్నాడు.

"జనం లైను కడుతున్నారండి. హాస్టలు పిల్లలు జంటలుగా వస్తున్నారు. తిట్టడానికొకడు, తిట్టించుకోడానికొకడు. తిట్టించుకుని శుభ్రంగా అన్నం తిని పడుకుంటున్నారంట. ఒకాయన రోజూ వొచ్చి ఒక్కడే కూకుని ఒక కేకు ముక్క తిని, అద్దం వైపు తిరిగి తనని తనే తిట్టుకుని పోతున్నాడండి. ఆ మనిషికి ఇంట్లో ఎవరూ లేరంట."

ఆ చివరి మాటకి డాక్టరమ్మ మెత్తబడింది. మంగతాయారు మెత్తబడింది. నేనూ.

సీసా మీద కాగితానికి ఆవిడ ఫొటో కావాలన్నారు. ఫొటోగ్రాఫరు వచ్చి "నవ్వండమ్మా" అన్నాడు. "నవ్వడానికేం జరిగింది? నువ్వు ముందు ఆ చొక్కా బొత్తాలు సరిగా పెట్టుకో. పైది కిందకి, కిందది పైకి. మీ అమ్మ చూడలేదా పొద్దున?" అంది. ఆ వేలు చూపిస్తూ తిడుతున్న ఫొటోనే వేశారు. కింద 'మంగతాయారు మార్కు వెనిల్లా' అని.

ఆవిడ మనసారా తిట్టిన తిట్టు కొన్నాళ్ళ దాకా అదే చివరిది. అప్పుడు తెలియలేదు.

బురద కాళ్ళ సంగతి ఆ తర్వాతిదే.

మొదట్లో సుఖంగానే ఉందని ఒప్పుకోవాలి. పేపరు చదువుకున్నాను. మధ్యాహ్నం నిద్రపోయాను. అబ్బులు వచ్చి, "ఏం బావా, అక్కకి ఒంట్లో బాగోలేదా? పొద్దున నన్ను చూసి నవ్వింది. నాకు భయమేసింది," అన్నాడు.

తర్వాత ఒక్కొక్కటే పట్టు తప్పింది. దింపు కార్మికులు సగం చెట్లెక్కి దిగిపోతే, "పోన్లెండి, అలిసిపోయారు," అంది. పిల్లి పాలు తాగుతుంటే పక్కన కూర్చుని వీపు నిమిరింది. చొక్కా తిరగేసి తొడుక్కుని సంతకి వెళ్ళి, సంతంతా తిరిగి వచ్చాను. గుమ్మంలో ఆవిడ చూసింది. "బావుందండి," అంది. నేను తినే పులుసులో ఉప్పు లేదు. లేదని ఎవరికి చెప్పను? ఎప్పుడూ నేను నోరు తెరవకముందే, "ఉప్పు తక్కువైందని ఆ మొహం పెట్టారు, నోరు తెరిచి అడగొచ్చుగా" అని గిన్నె ముందుకి తోసేది. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టినా అదే నవ్వు.

ఒక సాయంత్రం వెనిల్లా తీగల దగ్గర నిలబడి ఉంది. చేతిలో పుల్ల ఉంది. పొద్దున విచ్చిన పువ్వులన్నీ వాడి రాలిపోయి ఉన్నాయి.

"ఏంటి?" అన్నాను.

"ఏటోనండి," అంది. "నోటి దాకా ఏదో వస్తుంది. అక్కడే తీపైపోతుంది. ఏం అందామనుకున్నానో గుర్తుండదు. నన్నెవరో శుభ్రంగా తోమి బోర్లించినట్టుంది."

మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి ల్యాబుకి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ ఒక పచ్చి వెనిల్లా కాయ తెచ్చి మంగతాయారు నోటి ముందు పట్టుకుంది. నా వైపు చూసి, "బాబాయిగారూ, పిన్నిగారికి కోపం వచ్చే మాట ఒకటి అనండి," అంది.

ఆలోచించాను. "మీ తోడికోడలు చేసే పనసపొట్టు కూర నీ కూర కంటే బాగుంటుంది," అన్నాను.

మంగతాయారు పెదవులు కదిలాయి. కనుబొమలు ఒక్క వెంట్రుకవాసి లేచాయి. మళ్ళీ దిగాయి. "అవునండి, దాని చెయ్యి మంచిది," అంది.

చూస్తుండగానే ఆమె నోటి ముందున్న పచ్చికాయ చివర గోధుమరంగుకి తిరిగింది. గదంతా వెనిల్లా వాసన.

డాక్టరమ్మ కాయ బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కోపం పుట్టింది. పుట్టగానే అది తినేసింది. జాడీ మీద వంగి వంగి మాట్లాడారు కదా, అది గొంతులో కాపురం పెట్టింది. నేను ముందే చూసుకోవాల్సింది. సీసాలు అమ్ముడుపోతున్నాయని సంబరపడ్డాను."

"మందు?"

"మందు వేస్తే గొంతులో ఉండాల్సినవి కూడా పోతాయి. ఇంకో దారుంది. అది తినలేనంత కోపం ఒక్కసారిగా రావాలి. పచ్చగడ్డి మితిమీరి మేసిన గేదె పొట్ట ఉబ్బి పోయినట్టు పోతుంది. కానీ తొందరగా జరగాలి బాబాయిగారూ. ఇలాగే తింటూ పోతే కొన్నాళ్ళకి కోపం పుట్టడమే మానేస్తుంది."

మంగతాయారు ఆ రంగు తిరిగిన కాయ తీసి వాసన చూసింది. "నా కోపం ఇంత బాగుంటుందేటండీ?" అంది.

అప్పట్నుంచి మా ఇంట్లో నా పని ఆవిడకి కోపం తెప్పించడం.

తడి తువ్వాలు మంచం మీద వేశాను. తీసి ఆరేసింది. ఇత్తడి బిందె అబ్బులుకిచ్చేశాను. "మంచిదే, వాళ్ళకి లేదు కదా," అంది. అబ్బులు ఆ బిందె నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చి, "బావా, ఈ పాపం నాకొద్దు," అని గుమ్మంలో పెట్టి పరుగెత్తాడు. ఆవిడ పుట్టింటివాళ్ళని వరసపెట్టి అన్నాను. తాతగారి దాకా వెళ్ళాను. "నిజమేనండి, మావాళ్ళు కాస్త అంతే," అంది. ఆ మాటకి నాకే కోపం వచ్చింది. మావయ్య చాలా మంచివాడు.

అప్పుడు ఇంకొకటి తోచింది. ఆవిడది ఆవిడకే తిరిగిస్తే?

మంగతాయారు మార్కు సీసా కోసం రాజమండ్రి వెళ్ళాను. ఏ కొట్లోనూ లేదు. ఒక కొట్టువాడు సింథటిక్ ఎసెన్సు చూపించి, "ఇది తీసుకోండి, తిట్టదు," అన్నాడు. చివరికి మస్తాన్ తన ఇంటి కోసం దాచుకున్న సీసా ఇచ్చాడు. "మా అమ్మ పోయిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఇదేనండి," అని ఒకసారి కాగితం మీది ఫొటో చూసి మరీ ఇచ్చాడు.

పాయసం నేనే చేశాను. బియ్యం ఉడకలేదు. పాలు అడుగంటాయి. దించాక ఎసెన్సు వేశాను, మూత కొలత తెలియక ధారగా పోశాను. మంగతాయారుకి ఒక గిన్నె ఇచ్చి, నేనొకటి తీసుకున్నాను.

ఆవిడ తింది. "బావుందండి," అంది.

నాకు మాత్రం మింగగానే చెవుల్లోంచి వేడి బయల్దేరింది. నాలుక దానంతటదే లేచింది.

"బావుందా? మాడిన పాలు బావున్నాయా? నీ నాలిక్కేమైంది? పొద్దున్నుంచి ఆ గుమ్మంలో కూర్చుని దేనికి నవ్వుతున్నావు? తీగలు ఎండుతున్నాయి, పిల్లి బలిసింది, ఇల్లు చూడు ఎలా ఉందో! అన్నీ నేనే చెప్పాలి!"

నా గొంతు విని నేనే ఆగిపోయాను. ఆ మాటలు నా నోట్లో బాగోలేదు. అరువు చొక్కాలా ఎక్కడో పట్టేశాయి. ఆవిడ అంటే కూరలో ఉప్పులా ఉండేవి.

మంగతాయారు నా భుజం మీద చెయ్యి వేసి, "అలిసిపోయారు. పడుకోండి," అంది.

నేను వెళ్ళి తోటలో కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్ళు కారులో దిగారు. టై కట్టుకున్న ఇద్దరు. జాడీ కావాలట. దేశమంతా అమ్ముతారట. చాక్లెట్లు, బిస్కట్లు, పిల్లల మందులు. డాక్టరమ్మ కూడా వచ్చింది. ఆమె మొహం రాత్రి నిద్రపోయినట్టు లేదు.

టై కట్టుకున్న ఒకాయన, "అమ్మగారు కూడా మాతో వస్తే మంచిది. జాడీకి ఆవిడ అలవాటు కదా. ఏసీ గది ఇస్తాం. ఆవిడ ఊరికే దాని పక్కన కూర్చుంటే చాలు," అన్నాడు.

"అలాగేనండి," అంది మంగతాయారు.

నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె వాళ్ళ వైపు తిరిగి, "ఇది అమ్మకానికి కాదు. ఇందులో ఉన్నదంతా ఆవిడ ఒంట్లోంచి తీసిందే," అంది. తర్వాత నాతో, "జాడీ మీది బాబాయిగారూ. నేను ఆరేళ్ళు కష్టపడింది అందులోనే ఉంది. ఏం చేస్తారో మీరే చెయ్యండి," అంది.

లోపలికి వెళ్ళాను. అలమారులోంచి జాడీ తీశాను. బుడబుడమంటోంది. పెరట్లో, మా ఇంటికీ అబ్బులు ఇంటికీ మధ్య గోడవార మునగచెట్టుంది. అక్కడికి తీసుకెళ్ళాను. వెనకాలే అందరూ వచ్చారు. మూత తీసి, జాడీ వంచి, మొత్తం చెట్టు మొదట్లో పారబోశాను. అడుగున కాస్త మిగిలితే దులిపాను.

మంగతాయారు గుమ్మంలో ఆగిపోయింది.

నా చేతిలో ఖాళీ జాడీ చూసింది. తడిసిన మట్టి చూసింది. పెదవులు కదిలాయి. కనుబొమలు లేచాయి. దిగబోయాయి. దిగలేదు. డాక్టరమ్మ జేబులోంచి గబగబా పచ్చికాయ తీసి చాపింది. అది ఒక చివర్నుంచి గోధుమరంగుకి తిరిగింది, నల్లబడింది, నూనె కారింది, తర్వాత టప్పుమని పగిలింది.

మంగతాయారుకి ఒక్కసారి పొలమారింది.

"తోడు," అంది.

ఒక అడుగు ముందుకేసింది.

"తోడు పారబోశారా?"

అబ్బులు గోడ మీంచి తల దించేసుకున్నాడు.

"కొంపలో తోడు పారబోశారా? ఏ ఇంట్లోనైనా చూశారా ఇలాంటి పని? మీ అమ్మ నాటి తోడు గోదారొస్తే నెత్తిన పెట్టుకుని కాపాడిన దాన్ని నేను! మిమ్మల్నైనా వొదిలేద్దునేమో గాని దాన్ని వొదల్లేదు! ఒక్క గరిట, ఒక్కటంటే ఒక్క గరిట ఉంచుకుని మిగతాది పొయ్యొచ్చుగా? చెప్పి పొయ్యొచ్చుగా? నోరెందుకిచ్చాడు దేవుడు, మీసం కింద అందంగా ఉంటుందనా? ఆ చొక్కా ఏటి? తిరగేసి తొడిగారు! ఎన్నాళ్ళబట్టి ఇలా తిరుగుతున్నారు, నా పరువు ఏమైపోవాల? ఆ పిల్లి చూడు, గేదెలాగైంది! పువ్వులేటి ఇలా రాలిపోయాయి? ఈ టైలవాళ్ళెవరు? ఏవయ్యా, ఇంత ఎండలో మెడకి ఆ ఉరితాళ్ళేటి? ఊపిరాడుతుందా? నన్ను ఏసీ గదిలో పెడతారా? నేనేవైనా ఐస్‌క్రీమునా? అమ్మాయ్, నువ్వు, ఆ మొహమేటి, రాత్రి తిన్నావా? ఒరే అబ్బులూ, గోడెనక నుంచి లే! ఆ గేదె దొడ్లో దూరింది, తోలుకుపో, బతిమాలకు, తోలు! అన్నీ నేనే! అన్నీ! నేనే! చెప్పాలి!"

ఊపిరి తీసుకోడానికి ఆగింది. ఎక్కడా వెనిల్లా వాసన లేదు. మునగాకు వాసన, పేడ వాసన, ఆవిడ కట్టుకున్న నేతచీర గంజి వాసన.

డాక్టరమ్మ పగిలిన కాయ చేత్తో పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. హైదరాబాదు వాళ్ళు టైలు వదులు చేసుకుంటూ కారు వైపు నడిచారు. వాళ్ళని కూడా మంగతాయారు అన్నం తినకుండా పోనివ్వలేదు.

ఆ రోజు పులుసులో ఉప్పు సరిపోయింది.

డాక్టరమ్మ మళ్ళీ తన గొట్టాలతోనే పని మొదలుపెట్టింది. ఇప్పుడు మా కాయకి ఉత్త వెనిల్లా వాసనే. మస్తాన్ కేకులు తిని ఎవరూ ఎవర్నీ ఏమీ అనడం లేదు. రోజూ వచ్చే ఆ ఒంటరాయన్ని మస్తాన్ ఒకసారి మా ఇంటికి తీసుకొచ్చాడు. మంగతాయారు ఆయన్ని పూటంతా తిట్టింది, ఊరికే. ఇప్పుడు ఆయన ప్రతి ఆదివారం వస్తున్నాడు. మూట విప్పిన ప్రతిసారీ అడుగు నీళ్ళలో మరుగునీళ్ళు నేనే పోస్తాను. ఆవిడ ఆ పూట అటు చూడదు.

మొన్న తోటలోంచి వస్తున్నాను. మునగచెట్టు ఈ ఏడు విరగకాసింది. గోడ అవతలికి వేలాడిన కాడలు అబ్బులు వాళ్ళు కోసుకుని పులుసు పెట్టుకున్నట్టున్నారు. అబ్బులు మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. నన్ను చూశాడు. నడుం మీద చెయ్యి పెట్టాడు.

"ఏం బావా, ఆ కాళ్ళేటి? మోకాళ్ళ దాకా బురద! ఆ కాళ్ళతోటే ఇంట్లోకి పోతావా? కడుక్కోవాలని తెలీదా? ఇంత వయసొచ్చింది, అన్నీ నేనే చెప్పాలి!"

అని, రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు.

మా వంటింట్లో గరిట కింద పెట్టిన చప్పుడైంది. మంగతాయారు కొంగు దోపుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఒరే అబ్బులూ! మా ఆయన్ని అనడానికి నువ్వెవడివిరా? నేను లేనా?"

నేను పెరట్లోకి వెళ్ళలేదు. ఆ బురద కాళ్ళతోనే వంటింటి గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగాను.